చిక్కుడు పందిరి కింద ఆఫీసరు

గూడెం బడి వెనక ముళ్లకంప కొట్టించి, పిల్లలతో పాదులు తీయించి, చిక్కుడు పందిరి వేయించేసరికి నా నడుము పడిపోయింది. అయినా నా సంబరం చూడాలి! మణుగూరు గనుల కాలనీలో క్వార్టర్ గోడల మధ్య పెరిగినదాన్ని. నేను పెట్టిన తీగకు పూత వచ్చిందని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. లెక్కలు, సైన్సు అన్నీ ఆ పందిరి దగ్గరే.

అంతలో ఆ జాగాలో సైకిల్ షెడ్ కట్టాలని పైనుంచి మాట వచ్చింది. తోట నిజంగా చదువుకు పనికొస్తోందో లేదో చూసి తేల్చడానికి విద్యాశాఖ ఆఫీసరు వస్తారట. రానీ, చూపిస్తా అనుకున్నాను.

ఆయన రాగానే గొంతు సవరించుకుని, "ఒక్కొక్కరు ఒక్కో కాయ కోసి, విప్పి, గింజలు లెక్కపెట్టండి" అన్నాను. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. మళ్లీ చెప్పాను. అందరివీ నేల చూపులే. నాకు ఒళ్లు మండింది.

"ఏందే, చెవులు వినొస్తలేవా?" అని ముందున్న మూడో తరగతి పిల్లను గదిమాను.

"ఊళ్లె చిక్కుడు పండుగ ఇంకా కాలే టీచర్. కొత్త కాయ ముందు దేవతకు పెట్టాలె. గప్పటిదాంక కొయ్యం, తినం."

ఆఫీసరు పెదవి విరిచారు. "మరి ఈ తోటతో ఏం నేర్చుకున్నట్టు?"

"కొయ్యకుండ లెక్కవెడతం సార్!" అంటూ ఆ పిల్ల పందిరి కింద వెల్లకిలా పడుకుంది. తీగ నుంచి తుంచకుండానే కాయను ఎండకేసి తిప్పింది. పచ్చటి తొక్కలోంచి గింజలు కనిపించాయి. "ఐదు!" అంతే, పిల్లలంతా దబదబా నేల మీద పడ్డారు. "నాకు నాలుగు!" "గీ దాంట్ల పురుగున్నది!" ఆ గోలకు ఆగలేక నేనూ కొంగు దోపుకుని పడుకున్నాను. తల తిప్పితే పక్కనే ఇస్త్రీ చొక్కాతో ఆఫీసరు! నవ్వు ఆపుకోలేక చచ్చాను.

హుషారులో ఆయన కాయ పట్టి లాగబోయారు. "సార్, కొయ్యొద్దు!" అని అందరిదీ ఒకటే అరుపు. ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. "మరి నాకెప్పుడు ఇస్తరు?"

"ఆదివారం పండుగ. రాండ్రి సార్." లేచి గౌను దులుపుకుంటూ ఆ పిల్ల ఆగింది. పొద్దుటి నుంచి నేను అడగలేక నలిగిపోతున్న మాటను సూటిగా అడిగేసింది. "అప్పటిదాంక తోట ఉంటది గదా?"

ఆయన చొక్కాకంటిన మట్టి దులుపుకుంటూ నవ్వారు.

"ఉంటది బిడ్డా. షెడ్డు ఇంకోచోట కట్టుకోవచ్చు."

టీచర్‌నన్న సంగతే మరిచిపోయాను. పిల్లలకంటే ముందు నేనే ఈల వేశాను.