మూడో పిలుపు

రవాణా కంపెనీలో ఎవరూ తీసుకెళ్లని జీతం చెక్కుల కవర్లన్నీ గుమాస్తా ఆవిడ అలమరాలోనే ఉంటాయి. వాటిని ప్రభుత్వానికి అప్పగించే ముందు ఒక్కో పేరూ మూడుసార్లు పిలవాలి. మూడింటికీ పలక్కపోతే ఆ మనిషి ఇక లేనట్టే. అందుకే ఏటా ఆఖరి పనిరోజున, మిట్టమధ్యాహ్నం, ఖాళీ హాల్లో కళ్లజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ప్రతి పేరుకీ ‘గారు’ తగిలించి పిలుస్తుంది. ఆ హాల్లోవి మనిషి లేవగానే టపుక్కున ముడుచుకుపోయే స్ప్రింగు కుర్చీలు. చివరి వరసలో ఒక్కటి మాత్రం ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. స్ప్రింగు పోయిందంటారు అందరూ. ఆవిడ అనదు. ఒక్క కవరుకి మాత్రం రెండు పిలుపులతో ఆపేసి, మళ్లీ అలమరాలో పెట్టేస్తుంది. పదకొండేళ్లుగా అదే తంతు. ఈసారి కొత్త ఆఫీసరు కంటపడింది.

“మూడోసారి పిలవరేం?”

“పిలిస్తే ఫైలు మూసెయ్యాలి సార్. అది మా ఆయన జీతం. డ్యూటీకని వెళ్లారు, ఇంకా రాలేదు.”

“బాగుందమ్మా వరస!” అని నవ్వి, ఆఫీసరు కవరు లాక్కుని తనే ఆ పేరు గట్టిగా పిలిచాడు.

చివరి వరసలో కుర్చీ టపుక్కున ముడుచుకుంది.

ఆఫీసరు నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆవిడ మాత్రం కలం మూత తీసి, రిజిస్టరు ఆ కుర్చీవైపు తిప్పింది.

“నెమ్మదిగా రండి,” అంది. “సంతకం ఇక్కడే.”