గోడవతల గొడుగు

మా టీచరమ్మ పోయారని నిన్న పొద్దున్నే ఫోనొచ్చింది. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో కాలేజీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను.

గజపతినగరం దగ్గర ఆవిడ బ్రిడ్జి స్కూలు నడిపేవారు. బడి మానేసినవాళ్లనీ, అసలు బడి మొహమే చూడనివాళ్లనీ చేరదీసి, చదువు పట్టుబడ్డాక పెద్ద బడిలో వేసే చోటది. ఇటుకల బట్టీలో పచ్చి ఇటుకలు తిరగేసి ఆరబెట్టే నన్ను, మా అమ్మతో పోట్లాడి మరీ తీసుకుపోయారు. కొత్తలో పలక ముట్టనివ్వలేదు. తిని, ఆడుకుని, కంటినిండా పడుకోమనేవారు. "సదువెక్కడికీ పారిపోదే, పిల్లే పారిపోతాది" అనేవారు. ఉడకబెట్టిన శనక్కాయలు కొంగున కట్టుకొచ్చి, లెక్క తప్పినవాళ్లకి ఇంకాసిని ఎక్కువ పెట్టేవారు. అదేం న్యాయమని అడిగితే, "తప్పినోళ్లకే కదే బలం కావాల!"

తర్వాతి ఏడు నన్ను పెద్ద బడిలో ఆరో తరగతిలో వేశారు. అమ్మ ఒకటే మాటంది: "ఏడుస్తూ ఇంటికొచ్చినావంటే మరి బడి లేదు. బట్టీకే."

మొదటి రోజు గదిలో సంచులు ఎక్కడివక్కడ పడున్నాయి. నా చేతులు ఊరుకోలేదు. అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస, గాలాడేలా సందులు వదిలి, పచ్చి ఇటుకల్లా పేర్చేశాను. క్లాసంతా గొల్లుమంది. "బట్టీ పిల్ల" అని అప్పటికప్పుడే పేరు పెట్టేశారు. గేటు దాకా ఒకటే పరుగు తీశాను.

గేటు బయట ఎండలో గొడుగేసుకుని ఆవిడున్నారు. కొత్తగా చేర్చిన పిల్లల కోసం అలా కాపు కాయడం ఆవిడకి అలవాటట.

"ఏటే, ఏటైనాది?"

చెప్పి, "ఇంకెల్లను" అన్నాను. ఆవిడా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"ఓసి నీ అసాధ్యం కూల! సందులొగ్గి పేర్చినావా? సంచులేటి, ఎండాలేటే?" అని, నా కళ్లు తుడిచారు. "ఎల్లి కూకో. కిటికీలోంచి సూడు, గోడవతల గొడుగు కనిపిస్తాది. గొడుగున్నాదంటే నానున్నట్టే. ఏడుపొస్తే నాకాడికి రా, ఇంటికెల్లకు."

నల్ల గొడుగు, మీద ఎర్రగుడ్డ మాసిక. పాఠం వింటూనే దాన్ని చూసుకునేదాన్ని. అది కదిలితే ప్రాణం లేచొచ్చేది. ఆవిడ అలా నిలబడకపోతే నేను ఈపాటికి బట్టీలోనే ఉండేదాన్ని.

వానలు పట్టాక ఒకరోజు పక్క పిల్లతో కబుర్లలో పడి, కిటికీ వైపే చూడలేదు. బడి వదిలాక గేటు దగ్గర ఆవిడని చూసి బిక్కచచ్చిపోయాను. "టీచరమ్మా, ఇయ్యాల గొడుగు సూడ్డం మరిసిపోనాను."

ఆవిడ గొడుగు ముడిచి, నా బుగ్గ పుణికారు. "అయితే రేపట్నించి రాను. ఇంకో బడికాడ ఇంకో పిల్ల ఎదురు సూస్తన్నాది" అన్నారు.

ఏడుపొస్తే తన దగ్గరికే రమ్మన్నారు కదా, నిన్న వెళ్లాను. ఎండలో వాకిలి నిండా మేమే, ఆవిడ పెద్ద బళ్లలో వేసిన పిల్లలం. గుమ్మం పక్కన మేకుకి ముడిచిన గొడుగు వేలాడుతోంది, ఎర్ర మాసిక పైకి కనిపిస్తూ.