మూడుసార్లు అడిగిన ఆపా

మొన్న శుక్రవారం పొద్దున నిజామాబాద్‌లో నా టైలరింగ్ దుకాణం షట్టర్ ఎత్తుతుండగా బోధన్ నుంచి ఫోను వచ్చింది. "ఆపా పోయింది బిడ్డా" అంది ఆపా చెల్లెలు. "మధ్యాన్నం జుమ్మా నమాజ్ అయినంక తీస్కపోతరు. వస్తవా?" అని అడిగింది. షట్టర్ మళ్లీ దించి బస్టాండుకు నడిచాను.

ఊరంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆమె వకీలు. బోధన్‌లో ఆమె గడప తొక్కినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆ ఛాయ్ సంగతి తెలిసే ఉంటుంది. "ఛాయ్ పోయాల్నా?" అని అడిగేది. అవునంటే ఊరుకునేది కాదు. కాసేపాగి మళ్లీ అడిగేది, ఇంకాసేపాగి ఇంకోసారి. అప్పటికి ఛాయ్ చల్లారిపోయేది. "ఆపా ఇంట్ల ఛాయ్ అంటే మూడు వాయిదాలు" అని తోటి వకీళ్లు నవ్వేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. "మొదటిసారి మర్యాదకు ఒప్పుకుంటరు, రెండోసారి భయానికి. మూడోసారికి గని అసలు మనిషి పలుకది" అనేది.

నాకు ఆమె అవసరం పడింది సరోగసీ మీద కొత్త చట్టం రాకముందు, డబ్బుకు ఇతరుల బిడ్డను కడుపున మోయడం బాహాటంగా సాగిన రోజుల్లో. మా ఆయన మంచాన పడితే, ఒక దళారీ అక్క నన్ను హైదరాబాద్ తీసుకుపోయింది. అక్కడ నా ముందు కాగితాల కట్ట పెట్టారు. మహిళా సంఘంలో పెన్సిలు గుర్తు కనిపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టడం మాకు అలవాటు. లీడరు వేలు చూపిస్తే చాలు. ఇక్కడా అలాగే పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడో నెలలో స్కానింగులో ఇద్దరున్నారని తేలింది. బిడ్డను కోరినవాళ్లకు ఒక్కరే కావాలట. మర్నాడు సూది వేసి ఒక గుండె ఆపేస్తామన్నారు. వద్దన్నాను. డాక్టరు నా వైపు చూడకుండా ఫైలు తిరగేసి "నువ్వు ముందే ఒప్పుకున్నవమ్మా" అన్నాడు. నిజమే, పెన్సిలు గుర్తు పక్కన నా సంతకం ఉంది. ఆ సాయంత్రం ఆస్పత్రివాళ్లు మమ్మల్ని ఉంచిన హాస్టల్ గది అద్దంలో చూసుకుంటే, నా ఒంట్లో ఇంకెవరో ఉండి నా తరఫున తలూపుతున్నట్టు అనిపించింది. అద్దం మీద తువ్వాలు కప్పేసి మా అవ్వకు ఫోన్ చేశాను. పొలం తగాదాలో అవ్వ ఆపా దగ్గరికి తిరిగేది.

తెల్లారి మొదటి బస్సుకే ఆపా వచ్చింది, నల్లకోటు చేతి మీద వేసుకుని. డాక్టరు సంతకం చూపించాడు.

"సంతకం నిన్నటిది డాక్టర్ సాబ్. ఒళ్లు ఇయ్యాల్టిది. ఇప్పుడు అడుగుండ్రి."

డాక్టరు విసుక్కుంటూ అడిగాడు. వద్దన్నాను. ఆగి మళ్లీ అడగమంది. వద్దన్నాను. మూడోసారి అడిగేటప్పుడు దళారీ అక్క నా చెవిలో "నీ మొగని మందులు యాదికి లేవా?" అంది. ఈసారి నేను నేల వైపు చూస్తూ ఉండిపోయాను.

"సూసిండ్రా, మౌనం అర్ధాంగీకారం" అంది దళారీ అక్క.

"మౌనమంటే మౌనమే. దాని మీద మనం సంతకం పెట్టొద్దు" అంది ఆపా. "పిల్ల నోటితోని హా అనేదాంక సూది దగ్గరికి రావొద్దు. వస్తే కోర్టుల కలుద్దాం."

సూది రాలేదు. నెలలు నిండాక కాన్పు ఆపరేషన్ రోజున కూడా ఆపా ఫోన్లోనే ఉండి, ఒప్పుకుంటావా అని డాక్టరు చేత నన్ను మూడుసార్లు అడిగించింది.

ఎందుకంత పట్టు అని తర్వాత ఓసారి అడిగాను. ఛాయ్ గ్లాసు దించి చెప్పింది. "నా నిఖాల నన్ను మూడుసార్లు అడిగిండ్రు. ఒక్కసారి గూడ పలుకలె. మా ఫుప్పు, అదే మేనత్త, నా తల పట్టుకొని వంచింది. పిల్ల ఒప్పుకున్నదన్నరు." అంతే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక్కరే చాలన్నవాళ్లు ఇద్దరినీ నాకు చూపించకుండానే తీసుకుపోయారు. రెండు ఏడుపులు విన్నాను. ఆ ఇద్దరూ ఎక్కడో పరుగెత్తుతున్నారంటే ఆపా వల్లే. నా ఒంటికి నేనే పెద్దదిక్కునని నాకు తెలిసిందీ ఆమె వల్లే. అయితే ఇన్నేళ్లయినా అప్పుడప్పుడు నా ఖాళీ కడుపులో ఏదో కదులుతుంది. "అది నరాల పనమ్మా" అంటారు డాక్టర్లు. ఆపాతో చెబితే మాత్రం నవ్వలేదు. "ఏదో అడుగుతున్నదేమో. జెర ఆగి విను బిడ్డా" అంది.

నేను చేరేసరికి బోధన్‌లో ఆ ఇంటి వాకిట్లో దుప్పట్లతో తెర కట్టారు. లోపల ఆడవాళ్లు ఆపాకు ఆఖరి స్నానం చేయించబోతున్నారు. నేను తెర ఇవతల గోడకానుకుని కూర్చున్నాను. చెంబు నీళ్లలో ముంచిన చప్పుడైంది.

"ఆపా, నీళ్లు పోయాల్నా?" చెల్లెలి గొంతు.

ఎవరో ముసలామె "గిదేందే?" అని గొణిగింది. "అడగమని చెప్పిపోయింది" అంది చెల్లెలు. కాసేపాగింది.

"ఆపా, పోయాల్నా?"

ఎండ చుర్రుమంటోంది. మౌనమంటే మౌనమే అన్న మనిషిని అడుగుతున్నారు. ఆమె పలకకపోతే ఏం చేస్తారో నాకు తోచలేదు.

"ఆపా, పోయాల్నా?"

చెంబు నుంచి బొట్లు పడుతున్నాయి. నా కడుపులో ఎడమవైపు ఒకసారి కదిలింది. కాసేపాగి, కుడివైపు, ఆ ఇద్దరూ పలికినట్టు.

తెర వెనక నీళ్ల చప్పుడు మొదలైంది.