సౌభాగ్యమ్మ పడమటి కిటికీలు

పంపకాల నాడు సౌభాగ్యమ్మకు పడమటి గదులు అంటగట్టారు. ఆబిడ్స్‌లో ఒక గల్లీ చివర ఉన్న ఆ పాత ఇంట్లో పై అంతస్తు అన్నదమ్ములిద్దరిదీ. ఆమె భర్త పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన అన్న, ఆమెకు బావగారు, కోదండరామయ్య పెద్దమనుషుల ముందు కూర్చుని, "సౌభాగ్యది సూది పని. వెలుతురు కావాలె. పడమర దిక్కు ఆమెకే ఇయ్యిండ్రి" అన్నాడట. ఉత్తరం గదులు, వాటి మీద పడే వేపచెట్టు నీడ ఆయనకు మిగిలాయి. పెద్దమనుషులు ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. ఈమె దండం కూడా పెట్టింది. అంతవరకూ ఆ పడమటి గదుల్లో సామాను పడేసేవాళ్లే గానీ మనుషులు పడుకునేవాళ్లు కాదు. ఎందుకో ఆమెకు మొదటి వేసవిలో తెలిసింది.

ఆమెది రఫూ పని. చిరిగిన చోట చిరుగు కనబడకుండా అదే నేతను సూదితో మళ్లీ అల్లడం. పట్టుచీరలు, షేర్వానీలు, ఎలుకలు కొరికిన శాలువాలు హిమాయత్‌నగర్ నుంచి కూడా ఆమె దగ్గరికి వస్తాయి. ఆ చీరలు కట్టుకునేవాళ్లకు ఆమె పేరు తెలియదు. తెలియకపోవడమే ఆ పని గొప్పదనం అంటుంది ఆమె. నాకైతే అది గొప్పదనంలా కనిపించలేదు, దోపిడీలా కనిపించింది. ఆ మాట అంటే నవ్వేది.

కింది అంతస్తులో మేం కిరాయికి ఉండేవాళ్లం. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చాడు. నేను డిగ్రీ సగంలో వదిలేసి, నాంపల్లి కోర్టు ఎదుట జిరాక్స్ షాపులో పని చేసేవాణ్ణి. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొంటాను కాబట్టి, నాకు అన్నీ తెలుసని సౌభాగ్యమ్మ నమ్మకం.

పోయిన ఏప్రిల్‌లో ఒక పెళ్లివారి కంచిపట్టు మీద ఆమె చెమట చుక్క పడింది. అంగుళమంత మరక అయింది. ఏసీ నడుస్తూనే ఉంది. మూడు కిటికీలకూ పాత ఇనుప చట్రాలు, ఒంటి గ్లాసు. మధ్యాహ్నం దాటితే ఎండ ముందు ఏసీ ఓడిపోయేది. ఇంకో చీర ఇట్లాగే పాడైతే పని రాదు. పని లేకపోతే ఆ గదులు ఉండీ ఆమెకు తిండి లేదు.

"కిటికీలు మారుస్త బేటా. వేడి ఆపే గ్లాసు వచ్చిందంట గదా. నువ్వు చదివినోనివి, నాతోటి రా."

నేను నెట్‌లో చదివాను. చదివినకొద్దీ అయోమయం పెరిగింది. ఎండ వేడి ఎంత లోపలికి వస్తుందో చెప్పే అంకె ఒకటి, గ్లాసులోంచి వేడి ఎంత దాటుతుందో చెప్పేది ఇంకొకటి, వెలుతురు ఎంత వస్తుందో చెప్పేది మూడోది. మొదటి రెండూ తగ్గితే మంచిది, మూడోది పెరిగితే మంచిది. చలిదేశాల వాళ్లు రాసింది చదివి మన ఎండకు కిటికీ కొనడం ఎట్లాగో ఎవరూ రాయలేదు.

మొదటి షాపు ఆబిడ్స్ మెయిన్ రోడ్డు మీద. రవికిరణ్ అనే కుర్రాడు మెడలో ఐడీ కార్డు వేసుకుని మమ్మల్ని ఒక పెట్టె దగ్గరికి తీసుకెళ్లాడు. పెట్టెలో పెద్ద బల్బు, ముందు రెండు గ్లాసులు.

"మేడమ్, చెయ్యి పెట్టి చూడండి. ఇది మామూలు గ్లాసు. ఇది మా లో-ఈ డబుల్ గ్లాసు, రెండు అద్దాల మధ్య వేడిని ఆపే సన్నటి పూత ఉంటుంది."

ఆమె మామూలు గ్లాసు దగ్గర చెయ్యి వెనక్కి లాక్కుంది. రెండో దాని దగ్గర చాలాసేపు ఉంచింది. ఆమె ముఖంలో ఆశ చూసి నాకు భయమేసింది.

"అడుగుకు ఎంత?"

"చదరపు అడుగుకు పదకొండు వందల యాభై. ఫ్రేము, దోమల జాలీ, ఫిటింగ్ అన్నీ కలిపి. జీఎస్టీ వేరే."

"అన్నీ కలిపి అన్నవు, మళ్ల వేరే అన్నవు."

"అది గవర్నమెంటుది మేడమ్."

"పాత కిటికీలు ఎవరు పీకుతరు?"

"అది కూడా వేరే."

ఆమె సంచిలోంచి రెండు దారపు కండెలు తీసింది. రెండూ మెరూన్. ఆ రెండో గ్లాసుది నమూనా ముక్క అడిగి, పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి నడిచింది. రవికిరణ్ వెనక పరుగెత్తాడు. ఆమె ఎండలో దారాలను ముందు గ్లాసు లేకుండా చూసింది, తర్వాత గ్లాసు వెనక పెట్టి చూసింది.

"బయట రెండు వేరేవేరేగున్నయి. దీని ఎనక ఒక్కటే అయినయి. సూడు బేటా."

నేను చూశాను. "నాకు గ్లాసు లేకుండా కూడా ఒకటేనండి."

"నీ కండ్లు పుస్తకాలల్ల పోయినయి. ఈ గ్లాసు పెట్టుకుంటే ఇంట్ల కలిసిన దారం పెళ్లిల కలవదు. రఫూ మచ్చ లెక్క కనబడ్తది."

"కలర్ చూసేటప్పుడు కిటికీ తెరుచుకోండి మేడమ్," అన్నాడు రవికిరణ్.

"ప్రతి కుట్టుకు సూడాలె నాయనా. తెరిస్తే చల్లదనం పోతది, చెమట వస్తది. ఇంక గ్లాసు ఎందుకు?"

అతను తన ఫోన్ నంబరు ఇచ్చాడు.

రెండోది నాంపల్లి స్టేషన్ దగ్గర వెంకటనర్సయ్య షాపు. ఆయన అడుగుకు ఏడు వందల ఎనభై అన్నాడు. నేను సంతోషించేలోపే జాలీ, ఫిటింగ్, రవాణా, తాళం అన్నీ విడిగా చెప్పాడు. చిన్న కిటికీ ఎంత చిన్నదైనా పదిహేను చదరపు అడుగుల కింద లెక్క కడతానన్నాడు. ఫోన్‌లో కూడితే మొదటి షాపును దాటిపోయింది. తాళం తీసేసి కూడితే తగ్గింది. తాళం లేని కిటికీ ఏం కిటికీ?

దారాల సంగతి వినగానే వెంకటనర్సయ్య నవ్వాడు. "అట్లయితే అక్కా, పరీక్ష పెడ్త. రెండు ముక్కలు ఇస్త. ఒకటి సాదాది, ఒకటి పూత ఉన్నది. ఏది ఏందో నేను చెప్ప. నువ్వే చెప్పు."

ఎండలో నిలబడి ఆమె చాలాసేపు చూసింది. ఎడమ చేతిది పూతది అంది. కాదు. ఆయన వెనక్కి తిరిగి ముక్కలు కలిపి మళ్లీ ఇచ్చాడు. ఈసారి సరిగ్గా చెప్పింది. మూడోసారి చూడనంది.

వెంకటనర్సయ్య నవ్వడం మానేశాడు. "ఎండ మస్తుగున్నదక్కా. నీళ్లు తాగు."

తిరిగి వస్తుంటే ఆటోలో ఆమె రెండు కండెలూ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. ఇల్లు దగ్గర పడ్డాక, "గ్లాసు మోసం చేస్తున్నదా, నా కండ్లా?" అంది. నేను అంకెలు చెప్పబోయాను. వినలేదు. కళ్లు పోతే కిటికీలు మార్చినా మార్చకపోయినా ఒకటే. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, "గ్లాసు సంగతి తేలనీ" అంది. నాకు ఆ క్రమం అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

చివరికి ఆమె రవికిరణ్‌కే చెప్పింది. పెద్ద కిటికీలు రెండింటికీ పూత ఉన్న డబుల్ గ్లాసు. తాను కూర్చుని కుట్టే చిన్న కిటికీకి పూత లేని డబుల్ గ్లాసు.

"చిన్నదాంట్లోంచి ఎండ వచ్చేస్తుంది మేడమ్. పెట్టిన డబ్బు వేస్ట్."

"రానీ. ఎంత వస్తదో సూస్త."

బిగించే రోజు కోదండరామయ్య తలుపు దగ్గర నిలబడి చూశాడు. "ఇంత పైసలెందుకు సౌభాగ్యా. వట్టివేళ్ల ఖస్ తడకలు కట్టి నీళ్లు కొడితే అయిపోతుండె."

"మీ దిక్కు అవి కూడా కట్టే పని పడలే గద బావగారూ," అని ఆయనకు టీ ఇచ్చింది. ఆయన నవ్వి టీ తాగాడు. నేను ఆయన చేతిలోని కప్పు లాక్కోవాలనుకున్నాను. ఆమె చక్కెర ఇంకొంచెం వేయనా అని అడిగింది.

తర్వాత నాకు ఖైరతాబాద్‌లో వేరే షాపులో పని దొరికింది. మకాం మారిపోయాం. మే నెల చివర ఒక మధ్యాహ్నం ఆమెను చూడ్డానికి వెళ్లాను. ఆమె చిన్న కిటికీ పక్కన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని ఒక శాలువా కుడుతోంది. పని వస్తోంది, చెమట మరకలు పడలేదు. గది చల్లగానే అనిపించింది. కానీ నేను ఎండలోంచి వచ్చాను, నాకు ఏ గదైనా చల్లగానే ఉండేది. పడమటి గోడ మీద చెయ్యి పెడితే కాలింది. పైన స్లాబు కూడా అట్లాగే ఉండి ఉంటుంది. ఆ రెండింటిలోంచి వచ్చే వేడి గురించి ఏ షాపూ ఏమీ చెప్పలేదు, నేను చదివిన దాంట్లో ఉన్నా పట్టించుకోలేదు.

ఎట్లా ఉందండీ అని అడిగాను. ఆమె సూది ఆపి, ఒడిలో శాలువా పెట్టుకుని అంది:

"నువ్వే చెప్పు బేటా, బయటికెళ్లి వచ్చినోనివి. రూం చల్లబడ్డదా, నేనే అలవాటు పడ్డనా? నాకైతే సమజ్ అయితలేదు."