ఎనిమిది లెక్కల నిశ్శబ్దం

నూకయ్యగారు మా గాయక బృందంలో చేరిన మొదటి రోజే రిహార్సల్ ఆగిపోయింది. పాట నేర్పే జెరెమియా, లోతు గొంతులుండే మా బేస్ వరస వైపు చెయ్యి చూపించాడు, ఇక అందుకోండి అని. అందరం నోరు తెరిచాం. నా పక్కనున్న ఈయన మాత్రం కుడి చెయ్యి నిటారుగా పైకెత్తి, హాలు అదిరేలా "గ్రీన్!" అన్నారు.

తప్పు ఆయనది కాదు. ముప్పై ఆరేళ్లు సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైళ్లు నడిపిన మనిషి. సిగ్నల్ కనపడగానే డ్రైవరు చెయ్యెత్తి రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి అనాలి. అది రూలు. మనిషి రిటైరైనా ఆ చెయ్యి రిటైర్ కాలేదు. కార్ఖానా ఏరియాలో వాళ్లింట్లో, ఆయన భార్య మరిడమ్మగారు "అన్నానికి లెగండి" అనగానే ఆ చెయ్యి లేవడం నేను కళ్లారా చూశాను.

గొంతు మాత్రం అద్భుతం. మా వరసలో మిగతా ఐదుగురం కలిసినా అంత లోతుకు దిగలేం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

మే నెల కచేరీకి జెరెమియా రకరకాల పాటలు ఎంచాడు. ఒక లాటిన్ కీర్తన, ఒక నాట్ల పాట, రెండు పిల్లుల కొట్లాట మీద హాస్యగీతం, చివర వాన పాట. ఈ వాన పాట చిటికెలతో మొదలై, చప్పట్లతో పెరిగి, ఠక్కున ఆగుతుంది. ఎనిమిది లెక్కల నిశ్శబ్దం తర్వాత మేం ఉరుములా అందుకోవాలి. జెరెమియా చెయ్యి లేవగానే నూకయ్యగారు ప్రతిసారీ "గ్రీన్!"

జెరెమియా ఓపిక అయిపోయింది. "అంకుల్, మీ గొంతంటే నాకు పానం. గానీ గిట్లయితే ఎట్ల? వచ్చే ఆదివారం సుత అన్నరనుకో, ఆ పాటకి మిమ్మల్ని కింద కూసోబెడ్త. నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి."

బయటికొచ్చాక ఆయన స్కూటరు తియ్యకుండా నిలబడిపోయారు. "ఇంజన్లో ఇద్దరవే బాబూ, ముప్పయ్యారేళ్లూ. ఇంతమందితో కలిసి గొంతెత్తడం ఇదే నాకు. ఆ పాట పోతే ఇంకేటుంది?"

నాకు సిగ్గేసింది. ఆయన్ని వెక్కిరించిన వాళ్లలో మొదటివాణ్ని నేనే.

సంగతి మరిడమ్మగారు చేతిలోకి తీసుకున్నారు. రోజూ సాయంత్రం గరిటె పట్టుకుని జెరెమియా అవతారం. ఈయన పాటల ఫైలు రెండు చేతులా పట్టుకుని నిలబడాలి. కానీ 'గ్రీన్' అన్న మాట వినపడకపోతే ఈయనకు గొంతు పెగలదే!

"మీరు నోరు కట్టుకోండి, ఆ మాట నానంటాను. మీరు మనసులో ఇనుకోండి" అన్నారావిడ.

వారం తిరిగేసరికి ఆయన గెలిచారు. ఆదివారం రిహార్సల్లో చెయ్యి లేవలేదు, మాట రాలేదు.

కచేరీ రోజు మారేడ్‌పల్లి హాలు నిండిపోయింది. మూడో వరసలో మరిడమ్మగారు, పట్టుచీరలో. వాన పాట వచ్చింది. చిటికెలు, చప్పట్లు, ఠక్కున నిశ్శబ్దం. ఎనిమిది లెక్కలూ అయ్యాయి. జెరెమియా చెయ్యి మావైపు తిరిగింది. పక్కకు చూశాను. నూకయ్యగారి వేళ్లు ఫైలును గట్టిగా బిగించాయి, పెదవులు మూసే ఉన్నాయి.

"గ్రీన్!"

మూడో వరసలో మరిడమ్మగారు లేచి నిలబడి ఉన్నారు, చెయ్యి పైకెత్తి.

హాలంతా గొల్లున నవ్వింది. మా వరసలో ఐదుగురికీ నవ్వాగలేదు. నూకయ్యగారు ఒక్కరే సరిగ్గా లెక్క మీద అందుకున్నారు. ఆ ఉరుము వెనక పడుతూ లేస్తూ మేమూ చేరాం.

అయిపోయాక ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుని వచ్చారు. "అయ్యో బాబూ, అలవాటైపోనాది."

"గిదేం తక్లీఫ్ కాదమ్మా" అన్నాడు జెరెమియా, నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటూ. "వచ్చే కచేరీకి మీరు సుత స్టేజీ మీదికే రావాలె. ఏమంటరు అంకుల్?"

నూకయ్యగారు భార్యకేసి చూసి, చెయ్యి నిటారుగా ఎత్తారు. మాట మాత్రం అనలేదు. అది మేమందరం కలిసి అన్నాం.