స్విచ్చిలో కుంకుమ

ఆ సిస్టమ్స్ ఆఫీసరు మీద కక్ష నాకు ఇప్పటికీ తీరలేదు. ఇన్నేళ్ళయినా హార్బరు రోడ్డులో వెళ్తే చాలు, పళ్ళు పటపటమంటాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హార్బరు లోపల ఒక షిప్పింగ్ ఆఫీసులో కాంట్రాక్టు మీద నెట్‌వర్కు పని చేసేవాణ్ణి. కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చి పెట్టె కింద గదిలో ఒకటి, మేడమీద ఒకటి. మధ్యలో రెండు కేబుళ్ళు లాగి, రెండూ కలిసి ఒకే దారిలా పనిచేసేట్టు కట్టాను. లింక్ అగ్రిగేషన్ అంటారు దాన్ని. ఒకటి తెగినా రెండోది లాక్కొస్తుందని నా ధీమా.

దసరా సెలవులయ్యాక మొదలైంది తంటా. మేడమీద సగం కంప్యూటర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, సగం నత్తనడక. ఓడల కాగితాలు తెరుచుకోవు. కేబుల్ తెగిపోయినా బతికిపోయేవాణ్ణి, స్విచ్చే దాన్ని వదిలేసి రెండోదాన్ని వాడుకునేది. ఇదేమో తెగలేదు. లైటు పచ్చగా వెలుగుతోంది, లోపల డేటా పాడైపోతోంది. ఆ కేబుల్ వాటాకి వచ్చినవాళ్ళందరికీ అవస్థే.

ఆఫీసరు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నన్ను పదిమందిలో నిలబెట్టి, "కేబుల్‌కి ప్లగ్గు నొక్కడం రానివాడివి, నీకు గేటు పాసెందుకయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు. అక్కడితో ఆగాడా? నెలాఖరుకి నా పాసు పొడిగించొద్దని కాంట్రాక్టరుకి కాగితం పంపాడు. పాసు లేకపోతే హార్బరులో అడుగు పెట్టనివ్వరు. నాకు ఇంకో పనేది? ఒళ్ళు భగ్గుమంది. నీ తిక్క కుదర్చకపోతే నా పేరు మార్చుకుంటాను అనుకున్నాను.

సోమవారం పొద్దున్న కింద స్విచ్చిలో ఎర్రర్లు చూశాను. నా కేబుళ్ళు గుచ్చిన రెండు పోర్టుల్లో ఒకదానికి ఏమీ లేవు, రెండోదానికి నిమిష నిమిషానికీ పెరుగుతున్నాయి. కేబుళ్ళు అటుదిటూ ఇటుదటూ మార్చాను. తప్పు నా కేబుల్‌దయితే ఎర్రర్లు దాని వెంట రావాలి కదా. రాలేదు, ఆ పోర్టులోనే కూర్చున్నాయి. టార్చి వేసి చూద్దును కదా, మిగతా పోర్టులకి అంచునే అంటిన కుంకుమా గంధమూ దీని లోపల కలిసి అట్టకట్టి ఉన్నాయి.

ఆ గది ఊడ్చే పిన్నిని అడిగాను. జాలరిపేట నుంచి వచ్చేది. రోజూ నాకు టీ పోసిగానీ చీపురు పట్టేది కాదు. "ఆయుధపూజ నాడు ఇక్కడ ఏం చేశారు పిన్నీ?"

"ఏటుంది బాబూ, సారు తీగలన్నీ పీకించీసి, బొక్కబొక్కకీ బొట్టెట్టమన్నారు. ఎట్టీసినాను" అని నవ్వింది.

ఆ పూజ రోజు నేను గోపాలపట్నంలో మా ఇంటి ముందు స్కూటరు చేత నిమ్మకాయలు తొక్కిస్తున్నాను. ఎందుకడిగానో ఆమెకి చెప్పలేదు.

పుల్లకి దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి తుడిస్తే అయిదు నిమిషాల పని. తుడవలేదు. నాకు కావలసింది పోర్టు బాగుపడటం కాదు, ఆయన మొహం మాడటం. గురువారం ఆఫీసరు పైన ఉండే పెద్దసారు తనిఖీకి వస్తున్నాడు. అందాకా తిట్లు తింటూ కుక్కిన పేనులా పడి ఉన్నాను. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గురువారం పెద్దసారు కళ్ళెదురుగానే కేబుళ్ళు మార్చి చూపించాను. టార్చి ఆయన చేతికే ఇచ్చాను. "నా ప్లగ్గు కాదండీ, మా సారు చేయించిన పూజ" అన్నాను. ఆఫీసరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క క్షణం కోసం ఇంకో నెల తిట్లు తినమన్నా తినేవాణ్ణి.

మరుక్షణం తేరుకున్నాడు. "ఆ ఊడ్చే మనిషి పనండీ. ముట్టుకోవద్దంటే వినదు" అన్నాడు.

ఆయనే పెట్టమన్నాడని నేను అనొచ్చు. కానీ పెద్దసారు అప్పటికే నా పాసు పొడిగించమని చెప్పేశాడు. ఇంక నాకు నోరు లేవలేదు. సాయంత్రానికి పిన్ని పాసు లాగేసుకున్నారు.

గేటు బయట క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. "బొట్టు వల్లే పాడయిందని నీకెప్పుడు తెల్సింది బాబూ?" అంది.

"సోమవారం."

"మరి నాతో అన్లేదేటి? నానే తుడిసీదాన్ని గదా."