నేలమాళిగలోని ముసలిది

లిండెన్‌ఫెల్డ్ చర్చిలో కోర్నీ వీబె ముప్పై రెండు చలికాలాల్లో ఒక్క ప్రసంగం కూడా పూర్తిగా వినలేదు. భక్తి లేక కాదు. అందరూ పైన బల్లల మీద కూర్చుంటే అతను కింద నేలమాళిగలో ముసలిదాని ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

ముసలిదంటే మనిషి కాదు, చర్చిని వెచ్చబెట్టే ఫర్నేస్. బొగ్గు రోజుల్లో కోర్నీ మామగారు పీటర్ టీసెన్ పెట్టించాడు. తర్వాత దాన్ని డీజిల్ లాంటి నూనెకు మార్చారు. పైన బల్లల నడుమ నేలలో తలుపంత ఇనుప జల్లెడ ఉంటుంది. వేడంతా అందులోంచే పైకి వస్తుంది, దాంతోపాటు చెవులు దిబ్బళ్ళు పడే మోతా వస్తుంది. మా పాస్టర్లందరికీ గొంతు పెద్దదవడానికి కారణం అదే. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి దాన్ని వెలిగిస్తేగానీ పది గంటలకు చర్చి వెచ్చబడేది కాదు. కెనడాలోని మా మానిటోబా జనవరి అంటే తమాషానా మరి! వెలిగించాక వదిలేసి పోవడానికీ లేదు. అరగంటకోసారి దగ్గుతుంది, ఆరిపోతుంది, మళ్ళీ బతిమాలి వెలిగించుకోవాలి.

పైన ఆరో వరుసలో, కిటికీ పక్కన, కోర్నీ భార్య నేథా ఒక్కతే కూర్చునేది. పక్కన తన కోటు మడిచి పెట్టి అతనికి చోటు ఆపేది. అతను రాడని సంఘంలో అందరికీ తెలుసు. అయినా ఆ చోట్లో ఎవరూ కూర్చునేవారు కాదు.

ఆ మధ్య ఒక నవంబరులో ఆరాధన మధ్యలో నేథాకు గుండె దడ వచ్చి కళ్ళు తిరిగాయి. పక్క వరుసలోవాళ్ళెవరో చెయ్యి పట్టుకుని నీళ్ళు తాగించారు. ఆఖరి పాటయ్యాక, మసి చేతులు తుడుచుకుంటూ పైకొచ్చిన కోర్నీకి ఆ సంగతి తెలిసింది. ఆ రోజు నుంచి అతనికి ఒకటే దిగులు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, నడుము పోయింది, ఇంకెన్నాళ్ళు? ఆ కోటు ఉన్నచోట కూర్చోవాలి, అంతే. ఇంకేమీ అక్కర్లేదు.

మరి చెప్పొచ్చు కదా అంటారు మీరు. మావాళ్ళ సంగతి మీకు తెలీదు.

మా సంఘంలో హిల్డీ పెన్నర్ అని బడిపంతులమ్మ ఉంది. సృష్టి సంరక్షణ బృందానికి ఆమే పెద్ద. రెండు వేసవులు వరసగా ఉత్తరాన అడవులంటుకుని, ఆ పొగకు పిల్లలు దగ్గుతుంటే కిటికీలు మూసుకుని పాటలు పాడుకున్నాం. ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. దీపాలు మార్పించింది, పారేసే కప్పులు మానిపించింది, చర్చి వెనక పొలంగట్ల మీద చెట్లు నాటించింది. "పైన ఈ భూమి దేవుడిదని పాడుతున్నాం, కిందేమో పీపాలకొద్దీ నూనె తగలబెడుతున్నాం. సిగ్గుగా లేదూ?" అని తన వంటింట్లో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. సంఘ సమావేశంలో మాత్రం ఒక్కసారీ అనలేదు. ఎందుకంటే కోర్నీ బాబాయి బాధపడతాడని. ముసలిది ఆయన ప్రాణమని ఊరంతా అనుకుంది.

మా సమావేశాల్లో చేతులెత్తి లెక్కపెట్టడం ఉండదు. ఎవరి మనసులోనూ బరువు, అంటే అభ్యంతరం, లేదంటేనే ఏ పనైనా జరుగుతుంది. ఐదేళ్ళపాటు ప్రతి సమావేశంలోనూ ఫర్నేస్ సంగతి ఆఖర్న వచ్చేది. అందరూ కోర్నీ వైపు చూసేవారు. వాళ్ళు పాపం 'తీసేస్తే నీకిష్టమేనా' అని చూసేవారు. అతనికేమో 'ఇంకా నెట్టుకురాగలవా' అని అడుగుతున్నట్టుండేది. పైగా అది మామగారు పెట్టించినది, వద్దంటే నేథా ఏమనుకుంటుందో! తల వంచుకుని, "ఇంకో ఏడాది లాగిస్తాను" అనేవాడు. అందరూ నిట్టూర్చి కాఫీకి లేచేవారు. ఒకరి మొహమాటం ఇంకొకరి నెత్తిన పడి ఐదేళ్ళు గడిచాయి. మా బంగారు మనుషులు!

ఆ తర్వాతి జనవరిలో ఒక ఆదివారం సున్నాకు ముప్పై ఆరు డిగ్రీల దిగువన చలి. ప్రసంగం మొదలైన పది నిమిషాలకు ముసలిది ఒకసారి దగ్గి, వణికి, ఆగిపోయింది. వెలిగిద్దామని కోర్నీ వంగాడు. నడుము కలుక్కుమంది. అలాగే సిమెంటు నేల మీద పక్కకు ఒరిగి, ఇక లేవలేకపోయాడు.

మోత ఆగడంతో పాస్టర్ గొంతు జల్లెడలోంచి కిందికి స్పష్టంగా వినిపించింది. కేకేస్తే చాలు, పదిమంది పరుగెత్తుకొచ్చేవారే. కానీ ప్రసంగం మధ్యలో కేకెలా వేస్తాడు? మావాళ్ళెవరూ వెయ్యరు. పళ్ళు బిగబట్టి, ప్రసంగం అయ్యాక పిలుద్దాంలే అని అలాగే పడుకున్నాడు. చలి నేలలోంచి ఎముకల్లోకి ఎక్కుతోంది. పాస్టరేమో ఇంకా మొదటి అంశం దగ్గరే ఉన్నాడు.

పైన నేథా పాదాల కింద, ఆగినా వెంటనే మళ్ళీ మొదలయ్యే ముసలిదాని అదురు ఈసారి ఎంతసేపటికీ రాలేదు. ముప్పై రెండేళ్ళుగా కోర్నీ బతికే ఉన్నాడని ఆమెకు చెప్పేది ఆ అదురే. ప్రసంగం మధ్యలో ఆడవాళ్ళు లేవడం మా చర్చిలో నేనెన్నడూ చూడలేదు. నేథా లేచింది. కోటు తీసుకుని అందరి ముందునుంచీ గబగబా నడిచి మెట్లు దిగింది.

"కోర్నీ! ఏమైంది? గుండెనా?"

"నడుమే. నువ్వు పైకి పో, ప్రసంగం పోతుంది."

"ప్రసంగం తగలెయ్య! ఎంతసేపైంది?" కోటు అతని మీద కప్పింది.

ఆ కోటు తగలగానే కోర్నీకి ఏడుపు ఆగలేదు. "నేథా, నాకిదంటే అసహ్యం. ముప్పై రెండేళ్ళనుంచీ అసహ్యం. నీ పక్కన కూర్చోవాలనుంది."

"మరి చెప్పి చావొచ్చుగా! నాకంటే ఇదే ఎక్కువనుకున్నా నీకు!"

"మీ నాన్న పెట్టించింది కదా..."

"మా నాన్నా? ఆఖరి రోజుదాకా దీన్ని తిడుతూనే ఉన్నాడు! పారేస్తే నువ్వు బాధపడతావని నేనే అందరి నోళ్ళూ మూయించా కదరా భగవంతుడా!"

అప్పుడు గమనించారు, పైన పాస్టర్ గొంతు వినిపించడం లేదు. ఎవరి గొంతూ వినిపించడం లేదు. ముసలిది చచ్చిపోయింది, మోత లేదు, జల్లెడ తెరిచే ఉంది. ప్రతి మాటా ఆరాధనలో ఉన్న నూట పదిమందీ విన్నారు.

ముందు హిల్డీ గొంతు జల్లెడ దగ్గరికి వచ్చింది. "బాబాయ్, నిజంగానేనా? ఐదేళ్ళనుంచి మీకోసమే నోరు కుట్టుకున్నానే!" అని ఏడుస్తూ నవ్వింది. ఆ తర్వాత చర్చి మొత్తం నవ్వింది. నేలమాళిగలో పడి ఉన్న కోర్నీ కూడా నవ్వబోయి, నడుము పట్టుకుని అబ్బా అన్నాడు.

నలుగురు అతన్ని దుప్పట్లో మోసుకొచ్చి ఆరో వరుస బల్ల మీద పడుకోబెట్టారు. తొంభై ఒక్కేళ్ళ ఇస్‌బ్రాండ్ తాత కర్ర పుచ్చుకుని లేచాడు. ఆదివారం సంఘం పనులు మాట్లాడితే మండిపడే మనిషాయన.

"ఇవాళ ఆదివారమే. కానీ సోమవారందాకా ఆగితే చలికి బిర్రబిగిసిపోతాం. ముసలిదాన్ని తీసేద్దాం. ఎవరి మనసులోనైనా బరువుందా?"

అందరూ అలవాటు ప్రకారం కోర్నీ వైపు చూశారు.

"నా మనసులో లేదు. నడుములో ఉంది," అన్నాడు కోర్నీ.

సంఘం మొత్తం ఒక్కసారిగా ఊపిరి వదిలింది. చలికి ఆ ఊపిరులన్నీ పొగలై కనబడ్డాయి. కోట్లూ టోపీలూ తీయకుండానే మా పద్ధతిలో నాలుగు శ్రుతులు కలిపి ఒక పాట పాడుకుని ఇళ్ళకు పోయాం.

మిగిలిన చలికాలమంతా హిల్డీ వాళ్ళ బడిలో ఆరాధన జరుపుకున్నాం. మే నెలలో చర్చి వెనక పొలంలో లోతుగా గొట్టాలు దింపారు. భూమి అడుగున ఉండే వెచ్చదనాన్ని పైకి తోడే యంత్రమట. దాన్ని చూసుకునే పనికి ఎవరూ అక్కర్లేదు. ముసలిదాన్ని ముక్కలు కోసి బయటికి తెస్తుంటే కోర్నీ చూడటానికి కూడా రాలేదు, బంగాళాదుంపల మడి కలుపు తీసుకుంటున్నానన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. మొదటి ఆదివారం నాలుగింటికే అతనికి మెలకువ వచ్చేసింది. అలవాటు పోదు కదా. కాళ్ళు మంచం దించాక గుర్తొచ్చి, మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. "పడుకో పడుకో," అంది నేథా అటు తిరిగే.

పది గంటలకు చర్చి వెచ్చగా ఉంది. చడీచప్పుడూ లేదు. ఆరో వరుస దగ్గర నేథా కోటు విప్పి, పక్కన పెట్టబోయి ఆగి, ఒళ్ళో పెట్టుకుంది. కోర్నీ కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక హిల్డీ ఆత్రంగా వచ్చింది. "బాబాయ్, మొత్తానికి చలికాలంలో మన చర్చిలో ఒక ప్రసంగం విన్నారు! ఎలా ఉంది?"

కోర్నీ కళ్ళు నులుముకున్నాడు. "ఏమోనమ్మా, రెండో మాట దగ్గరే నిద్రపట్టేసింది. మీ పిన్నినడుగు."

"నేనెక్కడ విన్నానే?" అంది నేథా. "ఈ మనిషి నా పక్కన నిద్రపోతుంటే చూస్తూ కూర్చున్నా."